తండాలో సాయానికి ఉన్న పేరు వంతు

(కంగ్టిలో తీజ్ పండుగ సందర్భంగా గోర్ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని సమాజ సేవ గురించి మాట్లాడమన్నారు. మేము హాస్టల్ పిల్లల మధ్య ఉండేవాళ్ళం. పొద్దున ఉప్మా అందరికీ సరిపోయిందా, రాత్రి హాజరులో ఎవరు తగ్గారు అని చూసుకునే ఉద్యోగం మాది. కాబట్టి పెద్ద మాటలు పక్కన పెట్టి, ఆ హాజరు రిజిస్టర్‌లో మాకు కనబడే సంగతులే మీ ముందు పెడతాం. మీలో చాలామంది మా దగ్గర చదువుకున్నవాళ్ళే. క్లాసులో కూర్చున్నట్టే కూర్చోండి, కాకపోతే ఈసారి నిద్రపోతే లేపం.

ఇప్పుడు శ్రావణ మాసం. పెసర, మినుము కోతకు వస్తున్నాయి, పత్తి, కంది ఇంకా చేలోనే ఉన్నాయి. తండా నిండుగా ఉంది. ఇంకో రెండు నెలలు పోనివ్వండి. దసరా, దీపావళి దాటితే కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద, మనూరు వైపు ఏ తండాకు పోయినా తలుపులకు తాళాలు కనిపిస్తాయి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు చెరుకు కొట్టడానికి పోతారు. కొందరు కర్ణాటకకు, కొందరు మహారాష్ట్రకు, కొందరు మన రాష్ట్రంలోనే ఫ్యాక్టరీల చుట్టుపక్కలకు. మహారాష్ట్రలో ఆ ఆలుమగల జంటను కలిపి ఒక్క 'కోయ్తా' అని లెక్క వేస్తారు. కోయ్తా అంటే కొడవలి. ఇద్దరు మనుషులకు కలిపి ఒక కొడవలి పేరు. తిరిగి రావడం ఎండలు ముదిరాకే.

తాళం వేసిన ఇళ్ళ మధ్య మిగిలేది ఎవరు? కళ్ళు సరిగా కనపడని దాదీ, కర్ర లేకుండా లేవలేని తాత, నెలలు నిండుతున్న కోడలు, నాలుగు మేకలు, హాస్టల్‌లో ఉన్న పిల్లలు. సమాజ సేవ అనే మాటకు మన తండాల్లో అసలు పరీక్ష ఆ అయిదు నెలల్లో జరుగుతుంది. పండుగ రోజు స్టేజీ మీద జరగదు.

ఒక సంగతి చెప్తాం. సంక్రాంతి సెలవులకు హాస్టల్ ఖాళీ చేయాలి. పిల్లలను తీసుకుపోవడానికి ఒక్కొక్కరే వస్తుంటారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె గేటు దగ్గర పెట్టె మీద కూర్చుంది. తల్లిదండ్రులు చెరుకు తోటలో ఉన్నారు, ఫోన్ కలవడం లేదు. మధ్యాహ్నం పక్కింటి కాకీ వచ్చింది. రక్త సంబంధం లేదు, గోడ సంబంధం మాత్రమే. "మా పిల్లతో పాటు దీన్నీ తీసుకుపోతా" అంది. రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. పేరు లేనివాళ్ళకు ఆడపిల్లను అప్పగించడానికి నిబంధన ఒప్పుకోదు, అది మంచి నిబంధన కూడా. ఆమె కోప్పడలేదు. సాయంత్రం దాకా మా వరండాలోనే కూర్చుంది. చీకటి పడ్డాక మేస్త్రీ ఫోన్ దొరికి, తండ్రి గొంతు వినిపించి, సరే అన్నాకే ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని పోయింది. పది రోజులు తన ఇంట్లోనే పెట్టుకుంది. ఎండాకాలంలో ఆ కాకీ కూతురి పెళ్ళి జరిగితే, ఈ అమ్మాయి తల్లి మూడు రోజులు వంట పొయ్యి దగ్గర నుంచి కదలలేదని తర్వాత విన్నాం. ఆమెను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ కూలి లెక్క కట్టలేదు.

దీన్ని మన పెద్దలు సేవ అనలేదు, దానం అనలేదు. వంతు అన్నారు. ఈ రోజు నీ వంతు, రేపు నా వంతు. పొలంలో కలుపుకు ఒకరి చేనికి ఒకరు పోవడం వంతే. గుడిసె కప్పు మార్చేటప్పుడు వాసాలు మోయడం వంతే. చావు ఇంటికి పక్కవాళ్ళ పొయ్యి మీద నుంచి జొన్న రొట్టెలు పోవడం వంతే. వంతులో ఇచ్చేవాడు పైన, తీసుకునేవాడు కింద ఉండరు. ఎందుకంటే రేపు ఆ స్థానాలు మారతాయని ఇద్దరికీ తెలుసు.

తీజ్‌నే చూడండి. బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లారు. తొమ్మిది రోజులు నీళ్ళు పోయాలి. పెళ్ళికాని అమ్మాయిలంతా వంతుల ప్రకారం నీళ్ళు తెస్తారు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఆమె బుట్టకు కూడా పోస్తారు. నీ బుట్టలో మొలక పచ్చగా ఉండి, పక్క బుట్టలో ఎండిపోతే తొమ్మిదో రోజు ఆడేటప్పుడు ఎవరి మొహమూ వెలగదు. ఈ పాఠం చెప్పడానికి మనకు పుస్తకం అక్కరలేదు. చెల్లెళ్ళు ఈ తొమ్మిది రోజులూ దాన్ని చేతులతో చేసి చూపించారు.

మన పూర్వీకుల బతుకే వంతు మీద నడిచింది. రైలు రాకముందు ఈ దేశంలో ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపు మీద నడిచేవి, ఆ ఎద్దులను తోలింది మనవాళ్ళు. దాన్నే లదేణీ అంటారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు దారిలో ధాన్యం మోస్తున్న ఒక తండాను చూసి, అందులో 14,000 ఎద్దులు ఉన్నాయని తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. అన్ని ఎద్దులకు దారిలో నీళ్ళు ఎక్కడ, మేత ఎక్కడ, రాత్రి కాపలా ఎవరు అని వంతులు వేసుకోకుండా ఆ బిడారు ఒక్క రోజు కూడా నడవదు. నాయక్ అనే పదవి అక్కడ పుట్టిందే. ముందు నడిచేవాడు, వెనక ఎవరూ తప్పిపోకుండా చూసుకునేవాడు నాయక్.

1675లో ఢిల్లీలో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్‌ను మొగల్ పాలకులు చంపించారు. దేహాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడ్డ సమయంలో లఖీ షా వంజారా అనే వర్తకుడు తన బండ్లలో సరుకు మధ్య దాచి దాన్ని రాయ్‌సీనా దగ్గరున్న తన ఇంటికి చేర్చాడని, బయట చితి పేరిస్తే పట్టుబడతామని ఇంటికే నిప్పు పెట్టి దహనం చేశాడని సిక్కుల చరిత్ర చెప్తుంది. ఆ చోటే ఇప్పుడు పార్లమెంటు దగ్గర రకాబ్‌గంజ్ గురుద్వారా ఉంది.  సాయం చేయాల్సిన ఘడియ తన గుమ్మం ముందుకు వచ్చింది, ఆయన తన ఇల్లు ఇచ్చాడు. ఆయన పేరు తలుచుకుని మనం గర్వపడతాం. గర్వం మంచిదే. కానీ ఇల్లు కాల్చుకోమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. తాళం వేసిన పక్కింటి పిల్లకు పది రోజులు తలుపు తెరిచి ఉంచమని మాత్రమే అడుగుతున్నాం.

పట్నంలో చదువుతున్న తమ్ముళ్ళు కొందరు, "ఇవన్నీ పాతకాలం అలవాట్లు, ఎవరి పని వాళ్ళు చూసుకుంటేనే ముందుకు పోతాం" అంటారు. వాళ్ళ కోసం సముద్రం అవతల మాట ఒకటి చెప్తాం. ఫిలిప్పీన్స్ అనే దీవుల దేశం ఉంది. అక్కడి పల్లెల్లో వెదురుతో, తాటిజాతి ఆకులతో కట్టిన ఇళ్ళు ఉండేవి. ఒక కుటుంబం ఇల్లు వేరే చోటికి మార్చుకోవాలంటే ఊళ్ళో మగవాళ్ళంతా వచ్చి, ఇంటి కింద పొడుగాటి వెదురు బొంగులు కట్టి, ఇల్లు ఇల్లుగానే భుజాలకెత్తి మోసుకుపోయేవాళ్ళు. కూలి లేదు. మోసినవాళ్ళకు ఆ ఇంటివాళ్ళు అన్నం పెట్టేవాళ్ళు, అంతే. ఆ అలవాటు పేరు బయనిహన్. బయన్ అంటే వాళ్ళ భాషలో ఊరు, దేశం, జనం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ దేశ ప్రభుత్వం తెచ్చిన చట్టానికి ఈ పల్లె మాటనే పేరుగా పెట్టుకుంది. పాతకాలం మాట అనుకుంటే పార్లమెంటు దాకా ఎందుకు పోతుంది?

ఆ కరోనా కాలంలోనే, 2021 ఏప్రిల్‌లో, క్వెజాన్ సిటీ అనే నగరంలో పాట్రీషియా నాన్ అనే యువతి వీధి పక్కన ఒక చిన్న వెదురు బండి పెట్టింది. అందులో బియ్యం, కూరగాయలు, డబ్బాలు. ఉన్నవాళ్ళు పెట్టి పోవచ్చు, లేనివాళ్ళు కావలసినంత తీసుకోవచ్చు. ఎవరి పేరూ రాయరు, ఎవరినీ ప్రశ్న అడగరు. కొద్ది రోజుల్లోనే దేశమంతా అలాంటి బండ్లు వందల్లో వెలిశాయి. రైతులు కూరగాయలు, జాలర్లు చేపలు తెచ్చి పెట్టారు. ఆమె మీద అనుమానాలు పుట్టించినవాళ్ళు, రాజకీయం అంటగట్టినవాళ్ళు కూడా ఉన్నారు. భద్రత కోసం బండిని ఒక రోజు ఆపాల్సి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. మీరు మంచి పని మొదలుపెడితే మన తండాలో కూడా ఎవరో ఒకరు "వీడికి సర్పంచ్ కావాలని ఉందేమో" అంటారు. అననివ్వండి. పని ఆపకండి.

అంత దూరం ఎందుకు, మన సంగారెడ్డి జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల ఊళ్ళలో మహిళా సంఘాలు కట్టింది. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్ళు. 1990ల మధ్యలో వాళ్ళు బీడు పడ్డ భూముల్లో మళ్ళీ జొన్న వేయించారు. సాగుకు అప్పు తీసుకున్న రైతు ఆ అప్పును జొన్నల రూపంలోనే సంఘానికి తీర్చాడు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ ఉంచి, తినడానికి కష్టమైన నెలల్లో పేద కుటుంబాలకు బజారు ధర కంటే తక్కువకు ఇచ్చారు. ఎవరు నిజంగా పేద అనే లెక్క ఆఫీసు నుంచి రాలేదు. ఊరివాళ్ళే నేల మీద ముగ్గుతో ఊరి బొమ్మ గీసి, అందరి ముందూ ఇంటింటికీ తేల్చారు. ఈ సంఘాల ఆడవాళ్ళే 2008లో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చదువు రాని ఆడవాళ్ళు నేల మీద ముగ్గుతో లెక్క తేల్చగలిగితే, డిగ్రీ చదివి చేతిలో ఫోన్ పెట్టుకున్న మనకు మన తండా లెక్క రాకపోవడం ఏమిటి?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. హాస్టల్‌కు సాయం చేయడానికి చాలామంది వస్తారు. పుట్టినరోజుకు పండ్లు, చలికాలం దుప్పట్లు, నోటు పుస్తకాలు. మంచి మనసుతోనే వస్తారు, పిల్లలకు అవి అవసరమే. కానీ దుప్పటి ఒకరి చేతిలో, దుప్పటి అంచు పదిమంది చేతుల్లో, మధ్యలో పిల్ల, ఎదురుగా ఫోన్. ఫోటో సరిగా రాలేదని ఆ పిల్లతో దుప్పటి మళ్ళీ తీసుకున్నట్టు నిలబెట్టిన రోజులు చూశాం. పదో తరగతి ఆడపిల్ల మొహం పక్క పిల్ల భుజం వెనక దాచుకోవడం చూశాం. ఆ ఫోటో రేపు ఆమె తండా గ్రూపులోకి, ఎల్లుండి ఆమె కాలేజీ స్నేహితుల దగ్గరికి పోతుంది. చలి ఒక్క నెల ఉంటుంది, ఫోటో ఎప్పటికీ ఉంటుంది. అందుకే మేము వచ్చినవాళ్ళను దండం పెట్టి అడుగుతాం: వస్తువుల ఫోటో తీసుకోండి, పిల్లల మొహాలు వద్దు. చాలామంది అర్థం చేసుకుంటారు. మన యువజన సంఘాలు కూడా ఇదే కట్టుబాటు పెట్టుకోవాలని కోరుతున్నాం. వంతులో ఫోటో ఉండదు. ఆ కాకీ మా వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నప్పుడు ఎవరూ ఫోటో తీయలేదు.

ఇంకో మాట. తీసుకునేవాళ్ళకు కూడా ఇచ్చే అవకాశం ఉండాలి. మంచం దిగలేని దాదీకి రొట్టె పెట్టినప్పుడు, ఆమె ఏం ఇవ్వగలదని అనుకోకండి. అద్దాల పని, గవ్వల పని చేసే చేతులు అవి. మన పాత పాటలు, తీజ్ పాటలు, హోలీ లెంగీలు ఆమె నోట్లో ఉన్నాయి. మన గోర్బోలికి సొంత లిపి లేదు. ఆమె పోతే అవీ పోతాయి. రొట్టె తీసుకుపోయిన పిల్ల ఒక్క పాట నేర్చుకుని రానివ్వండి, తెలుగు అక్షరాల్లో రాసుకోనివ్వండి. అప్పుడు ఆ దాదీ కూడా వంతులో ఉన్నట్టే. తన దగ్గర తీసుకునేది కూడా ఉందని తెలిసిన ముసలి మనిషి రొట్టె తినే తీరే వేరుగా ఉంటుంది.

సరే, ఏం చేయాలి? మూడు పనులు చెప్తాం. మూడింటికీ చందా అక్కరలేదు.

మొదటి పని, తండా పుస్తకం. ఒక మామూలు రెండు వందల పేజీల నోటు పుస్తకం. దసరాలోపు, జనం పోకముందే, ఇంటింటికీ తిరిగి రాయండి. ఈ ఇంటి నుంచి ఎవరు పోతున్నారు, ఏ ఊరికి, ఏ మేస్త్రీతో, అడ్వాన్సు ఎంత, మేస్త్రీ ఫోన్ ఎంత. ఇంట్లో మిగిలేది ఎవరు, వాళ్ళకు బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయా, కాన్పు ఎప్పుడు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మన తండాలు ఎన్నో సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచ్, వార్డు సభ్యులు మనవాళ్ళే. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ మనకు అందుబాటులో ఉంటారు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. తోటలో ఎవరికైనా దెబ్బ తగిలినా, అప్పు పేరుతో ఎవరినైనా కదలనివ్వకపోయినా మొదట కావలసింది ఆ పేజీనే. అప్పు చూపించి మనిషిని కట్టేసి పనిచేయించడం 1976 నుంచి ఈ దేశంలో నేరం. ఆ చట్టం మన దాకా రావాలంటే మన మనిషి ఎక్కడున్నాడో ముందు మనకు తెలియాలి.

రెండో పని, పిల్లలు. హాస్టల్ పిల్ల ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ పోయేముందు హాస్టల్‌కు వచ్చి, తమ బదులు రాగలిగే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో రాయించి సంతకం పెట్టాలి. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. అప్పుడు ఏ కాకీ సాయంత్రం దాకా వరండాలో కూర్చోనక్కరలేదు. చదువుకునే పిల్లలను తోటకు తీసుకుపోతామనే ఇంటికి మీరు పోయి కూర్చోండి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళ ఏర్పాటు ఉంది. లెక్క ముందుగా ప్రధానోపాధ్యాయుడికి ఇస్తేనే అడగడానికి వీలవుతుంది. ఒకవేళ పిల్ల పోయి మధ్యలో తిరిగి వస్తే, టీసీ లేదని, సంవత్సరం సగం గడిచిందని చేర్చుకోకపోవడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు అది హక్కు. ఈ మాట తెలియక బడి మానేసిన పిల్లలు ప్రతి తండాలో ఉన్నారు. ఆడపిల్ల బడి మానేసిన ఇంట్లో తర్వాత వచ్చే మాట పెళ్ళి. 18 నిండకుండా పెళ్ళి మాట వినిపిస్తే 1098కి ఫోన్ చేయండి. అది చాడీ కాదు, అక్కగా, అన్నగా మీ వంతు.

మూడో పని, వారం వంతు. తండాలో ఉండిపోయిన యువకులు ఎంతమంది ఉంటే అన్ని వంతులు వేసుకోండి. ఈ వారం నీది, వచ్చే వారం వాడిది. పని పెద్దదేమీ కాదు. రోజూ సాయంత్రం తాళం వేయని ఇళ్ళు చుట్టి రావాలి. పొయ్యి వెలిగిందా, నీళ్ళు ఉన్నాయా, మాత్రలు అయిపోయాయా చూడాలి. రేషన్ రోజు ముసలివాళ్ళను బండి మీద తీసుకుపోవాలి. రాత్రి నొప్పులు వస్తే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ తండా దారి తప్పకుండా రోడ్డు మీద టార్చ్ పట్టుకుని నిలబడాలి. మూలమలుపు దగ్గర టార్చ్ పట్టుకుని నిలబడే ఒక్క కుర్రాడి వల్ల ఎంత సమయం కలిసొస్తుందో కాన్పు చేసే నర్సును అడగండి.

ఈ సంవత్సరం తీజ్ డీజే ఎంత బాగుందో అందరం విన్నాం, ఆడాం, సంతోషమే. డీజే వద్దని మేము అనం, పిల్లలు ఆడకపోతే ఎవరు ఆడతారు! దాని కోసం ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసిన కాళ్ళు మీ దగ్గర ఉన్నాయి కదా, అవే కాళ్ళతో ఇంకొక్కసారి ఇల్లిల్లూ తిరగండి. ఈసారి డబ్బులు అడగకండి, పేర్లు అడగండి.

1977లో మన జాతిని తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. దాని వల్లనే హాస్టళ్ళు వచ్చాయి, మీరు చదివారు, మేము ఉద్యోగం చేస్తున్నాం. ప్రభుత్వం ఇవ్వాల్సింది అడగాలి, గట్టిగా అడగాలి. కానీ అర్ధరాత్రి దాదీ దగ్గితే ఏ ప్రభుత్వమూ ముందు వినలేదు. వినేది పక్క గోడ. ఆ గోడ అవతల మనిషి ఉండేలా చూసుకోవడం మన చేతుల్లో ఉన్న పని.

హాస్టల్ రిజిస్టర్‌లో పేర్లు రాయడానికి దసరా సెలవులు మొదలయ్యేదాకా రోజూ సాయంత్రం నాలుగు గంటల నుంచి ఆరు గంటల దాకా మేము ఆఫీసు గదిలోనే ఉంటాం. తండా పుస్తకం ఎలా గీతలు కొట్టాలో తెలియకపోతే అక్కడికే రండి, ఒక నమూనా పేజీ రాసి ఇస్తాం. ఎన్ని తండాల నుంచి వస్తారో చూస్తాం.

రామ్ రామ్. జై సేవాలాల్.